ముక్కులో పాచి: ఆపరేషన్ అయినా వదలని సైనస్ చరిత్ర

పోయిన ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చటనే ఇక్కడ కాస్త తీరిగ్గా, తేదీలతో సహా రాస్తున్నా. డ్యూటీ బస్సులో విన్నవాళ్లు సగం మాటలు ఇంజన్ చప్పుడులో కలిసిపోయాయన్నారు. వాళ్ల కోసం ఇది.

మనవాళ్లు వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. "ఛుట్టీకి పోయినప్పుడు సైనస్ ఆపరేషన్ చేయించుకున్నా. నాలుగు నెలలు హాయిగా ఉంది. మళ్లీ అదే ముక్కు దిబ్బడ, అదే పచ్చ చీమిడి, వంగితే అదే తలబరువు. ఆపరేషన్ ఫెయిలయినట్టేనా? పైసలు బూడిదలో పోసినట్టేనా?"

నేను డాక్టర్ని కాను, పాత సంగతులు చదివి మీకు చెప్పేవాణ్ణి. అయితే ముక్కు ఆపరేషన్ బల్ల మీద రెండుసార్లు పడుకున్నవాణ్ణి కూడా. అందుకే ఈ ప్రశ్నకి జవాబు చరిత్రలో వెతికాను. ఇదే ప్రశ్న డాక్టర్లను నూట ముప్పై ఏళ్లుగా వేధిస్తోంది. ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులు వరసగా చూస్తే మన ముక్కులో ఏం జరుగుతోందో తెలుస్తుంది.

పడిశం అనే పాత మాట

"పడిశం పది రోగాల పెట్టు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. పడిశం అనే మాట సంస్కృతంలోని ప్రతిశ్యాయం నుంచి వచ్చింది. సుశ్రుతసంహితలో ప్రతిశ్యాయం గురించి ప్రత్యేకంగా చెప్పారు. ముదిరిపోయి, మాటిమాటికీ తిరగబెట్టి, తొందరగా లొంగని దాన్ని దుష్టప్రతిశ్యాయం అన్నారు. పీనసం అనే మాట ఇప్పటికీ మన ఊళ్లలో వినిపిస్తుంది. అంటే వచ్చి పోయే పడిశం వేరు, వచ్చి పోని పడిశం వేరు అన్న సంగతి పాతకాలం వాళ్లకీ తెలుసు. ఇప్పటి డాక్టర్లు దానికి ఒక లెక్క పెట్టారు: లక్షణాలు 12 వారాలు దాటినా పోకపోతే అది దీర్ఘకాలిక సైనసైటిస్.

సైనస్ అంటే రోగం పేరు కాదు. ముక్కు చుట్టూ, బుగ్గల వెనక, నుదుటి వెనక, కళ్ల మధ్యన ఎముకల్లో ఉన్న గాలి గదులు. ప్రతి గదికీ ముక్కులోకి ఒక చిన్న దారి ఉంటుంది. లియొనార్డో డావించీ 1489లో గీసిన పుర్రె బొమ్మల్లో బుగ్గ వెనకున్న గది స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ గదికి పేరు తెచ్చింది ఇంగ్లాండ్ డాక్టర్ నథానియెల్ హైమోర్. 1651లో అచ్చయిన తన శరీరశాస్త్ర పుస్తకంలో ఆయన ఒక రోగి కథ రాశాడు. ఆమెకి పై దవడ పన్ను పీకించారు. ఆ గుంటలోంచి స్రావం కారుతూనే ఉంది, ఆగట్లేదు. లోపల ఏముందోనని వెండి కడ్డీ పెట్టి చూసుకుంది. అది లోపలికి పోతూనే ఉంది. పక్షి ఈక పెడితే అదీ పోయింది. మెదడు దాకా పోయిందేమోనని హడలిపోయింది. నిజానికి ఆ ఈక గాలి గదిలోనే చుట్టలు చుట్టుకుంది.

ఈ కథ నాకెందుకు ముఖ్యమనిపించిందంటే, పన్ను పీకారు, దారి తెరుచుకుంది, స్రావం బయటికి వచ్చింది. అయినా కారడం ఆగలేదు. దారి తెరవడమూ జబ్బు పోవడమూ ఒకటి కాదని ఆ కథలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

మొదటి జవాబు: గీకి పారేయండి

1880లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోని చీముని మైక్రోస్కోప్ కింద చూశాడు. ద్రాక్షగుత్తుల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి. 1882లో వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. చీముకి కారణం బ్యాక్టీరియా అని తేలాక సర్జన్ల ఆలోచన సూటిగా సాగింది: చీము పట్టిన గదిని తెరువు, కుళ్లిన పొరని గీకి పారెయ్.

1893లో న్యూయార్క్‌లో జార్జ్ కాల్డ్‌వెల్, 1894లో లండన్‌లో స్కేన్స్ స్పైసర్, 1897లో పారిస్‌లో హెన్రీ లూక్ ఎవరికి వారే దాదాపు ఒకే ఆపరేషన్‌ని రాశారు. పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి, బుగ్గ ఎముకకి రంధ్రం చేసి, సైనస్ లోపలి పొరని గీకేయడం. చీము కిందికి కారిపోవడానికి ముక్కులోకి అడుగున ఒక కొత్త కిటికీ కొట్టడం. నీళ్లు పల్లానికి పోతాయి కదా, చీమూ పోతుందని లెక్క. కాల్డ్‌వెల్-లూక్ ఆపరేషన్ అనే ఈ పద్ధతి 1980ల దాకా ప్రపంచమంతా నడిచింది. చాలామందికి పై పళ్లు, బుగ్గ తిమ్మిరి పట్టినట్టు ఉండిపోయేవి. కొందరికి జబ్బు నయమైంది. కొందరికి మళ్లీ వచ్చింది. ఎందుకు మళ్లీ వస్తోందంటే, ఇంకా గీకాలన్నారు.

రెండో జవాబు: పొర చేసే పని చూడండి

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో ఆండర్సన్ హిల్డింగ్ అనే డాక్టర్ 1930ల్లో, 40ల్లో ఒక చిన్న విషయం పట్టుకుని కూర్చున్నాడు. సైనస్ లోపలి పొర మీద కంటికి కనపడని సన్నని నూగు ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, మీద పడిన దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ చీమిడితో సహా బయటికి నెడుతుంది. హిల్డింగ్ కుందేళ్ల సైనస్‌లకు కిటికీలు కొట్టి చూశాడు. చీమిడి ఆ కొత్త కిటికీ వైపు పోలేదు. పుట్టుకతో ఉన్న దారి వైపే పోయింది.

ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ 1950ల నుంచి ఇదే పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. మనిషి చనిపోయాక కూడా ఆ నూగు కొన్ని గంటలపాటు ఆడుతూనే ఉంటుంది. ఆ సమయంలో సినిమా తీసి చీమిడి ఏ దారిన పోతోందో చూశాడు. బుగ్గ వెనకున్న సైనస్ దారి గది అడుగున ఉండదు, పై భాగంలో ఉంటుంది. కింద సంపులోంచి పైనున్న ట్యాంకులోకి మోటరు నీళ్లెక్కించినట్టు, నూగు చీమిడిని ఎదురెక్కించి ఆ దారిలోంచే బయటికి పంపుతుంది. అడుగున కిటికీ కొడితే చీమిడి దాన్ని దాటుకుని పైకే పోతుంది. ఒక్కోసారి పై దారిలోంచి బయటికొచ్చిన చీమిడి కింది కిటికీలోంచి మళ్లీ లోపలికి పోయి, అక్కడే గిరగిర తిరుగుతుంది. పొరని గీకేస్తే మోటరునే పీకేసినట్టు.

అప్పటికి ఇంగ్లాండ్‌లో హెరాల్డ్ హాప్‌కిన్స్ కొత్త రకం గాజు కడ్డీల లెన్సు తయారు చేశాడు. 1960ల్లో జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ దాంతో సన్నని ఎండోస్కోప్‌లు చేసి అమ్మాడు. వాటితో ముక్కు లోపల మూలమూలలా చూడొచ్చు. మెసర్‌క్లింగర్ పుస్తకం 1978లో వచ్చింది. ఆయన శిష్యుడు హైంజ్ స్టామ్‌బర్గర్, అమెరికాలో డేవిడ్ కెనడీ దీన్ని ప్రపంచానికి నేర్పారు. 1985లో ఈ పద్ధతికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు మన ఊళ్లలో డాక్టర్లు ఫెస్ అంటున్నది ఇదే. ఇందులో గీకేయడం ఉండదు. పుట్టుకతో ఉన్న దారిని వెడల్పు చేసి, పొరని వీలైనంత కాపాడి, దాని పని దాన్ని చేసుకోనివ్వడమే. చాలామందికి నయమైంది. కానీ కొందరికి దారి శుభ్రంగా తెరిచి ఉన్నా, ఎండోస్కోప్‌లో గది విశాలంగా కనిపిస్తున్నా, చీము మళ్లీ పడుతోంది. హైమోర్ రోగి కథే మళ్లీ వచ్చింది.

మూడో జవాబు: పాచి

మీలో ఎంతమంది వాటర్ ట్యాంకులు కడిగారో, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లలో పైపుల పని చేశారో నాకు తెలీదు గానీ, చేసినవాళ్లకి ఈ మూడో జవాబు డాక్టర్ల కన్నా ముందే తెలుసు. ట్యాంకు గోడకి పాచి పడితే వాల్వు తిప్పి నీళ్లన్నీ వదిలేసినా అది పోదు. కొత్త నీళ్లు పోస్తే రెండ్రోజుల్లో అదే వాసన. మందు కలిపితే పైపైన చస్తుంది, అడుగున బతికే ఉంటుంది. బ్రష్షు పెట్టి తోమాలి, మళ్లీ మళ్లీ కడగాలి.

తెలుగులో ఇంకో వింత ఉంది. రాయి మీద జారేదాన్నీ పాచి అంటాం, పొద్దున్నే పళ్ల మీద ఉండేదాన్నీ పాచి అంటాం. ఆ రెండూ ఒకే రకం వ్యవహారమని సైన్స్ ఒప్పుకోవడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

మొదట చూసింది హాలండ్‌లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. 1680ల్లో తాను స్వయంగా నూరుకున్న లెన్సుతో పళ్ల పాచిని చూస్తే అందులో కదిలే జీవాలు కనిపించాయి. వెనిగర్ పోసి చూశాడు. పాచి పై భాగంలో ఉన్నవే చచ్చాయని, లోపలున్నవి బతికిపోయాయని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

ఆ తర్వాతి కథలో ముక్కుకీ ఒక పాత్ర ఉంది. 1921లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కి జలుబు చేస్తే, ఆయన తన చీమిడినే తీసి బ్యాక్టీరియా పెంచే పళ్లెంలో పరీక్షించాడు. అందులో కొన్ని రకాల సూక్ష్మజీవుల్ని కరిగించే పదార్థం ఉంది. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. అంటే చీమిడి మురికి కాదు, మన కాపలాదారు. ఏడేళ్ల తర్వాత, 1928లో, పెనిసిలిన్ని కనుక్కున్నదీ ఈయనే.

పెనిసిలిన్ వచ్చాక ఇక చీము పీడ విరగడైందనుకున్నారు. 1944లో డబ్లిన్‌లో జోసెఫ్ బిగ్గర్ ఒక తేడా గమనించాడు. స్టెఫిలోకాకస్‌కి పెనిసిలిన్ పోస్తే దాదాపు అన్నీ చచ్చాయి, కొన్ని మిగిలాయి. ఆ మిగిలినవి మందుకి కొత్తగా ఎదురు తిరిగినవి కావు. వాటిని మళ్లీ పెంచి మందు వేస్తే మామూలుగానే చచ్చాయి. మందు పడ్డ సమయంలో అవి ఎదుగుదల ఆపుకుని, నిద్రపోతున్నట్టు పడున్నాయి, అంతే. పెనిసిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియాని చంపుతుంది, నిద్రపోతున్నదాన్ని కాదు.

ఈ రెండు సంగతుల్నీ కలిపినవాడు కెనడా శాస్త్రవేత్త బిల్ కాస్టర్టన్. ఈయన 1960ల్లో పంజాబ్‌లోని బటాలాలో కాలేజీ పాఠాలు చెప్పి వెళ్లిన మనిషి. 1970ల్లో కెనడా కొండవాగుల్లో చూస్తే, బ్యాక్టీరియాలో చాలా భాగం నీళ్లలో తేలట్లేదు. రాళ్లకి అంటుకుని, తమ చుట్టూ తామే జిగురు కట్టుకుని, కాలనీలుగా బతుకుతోంది. అదే బయోఫిల్మ్. మన మాటలో పాచి. 1999లో ఆయన, ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి, మనిషి ఒంట్లో తగ్గని ఇన్ఫెక్షన్లు చాలావాటికి ఈ పాచే కారణమని సైన్స్ పత్రికలో రాశారు. జిగురులో ఉన్న బ్యాక్టీరియాని చంపాలంటే విడిగా తేలేదానికి పట్టే మందుకి వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాల్సి రావచ్చు. అంత మందు మనిషికి ఇవ్వలేం.

2004లో అమెరికాలోని పెన్సిల్వేనియా డాక్టర్లు, ఆపరేషన్ అయినా తగ్గని సైనస్ రోగుల పొరని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే ఈ పాచి కనిపించింది. 2008లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ డాక్టర్లు, ఆపరేషన్ చేయించుకున్న 40 మందిని పరిశీలించారు. సగం మంది పొర మీద పాచి ఉంది. ఆపరేషన్ తర్వాత లక్షణాలు మిగిలిపోవడం, పొర వాచి ఉండడం ఆ పాచి ఉన్నవాళ్లలోనే ఎక్కువ.

నా రెండో ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ తెర మీద నా సైనస్ చూపించింది. దారి తెరిచే ఉంది. గోడ మీద మాత్రం జిగట. "దారి బాగానే ఉందయ్యా, గోడ బాగోలేదు" అంది. చదివిన పుస్తకాలన్నిటికన్నా ఆ ఒక్క మాటతో నాకు ఎక్కువ అర్థమైంది.

అయితే తప్పంతా పాచి మీదే వేయకూడదు. ముక్కులో కొవ్వుకాయల్లాంటి పాలిప్స్, ఆస్తమా, ఎలర్జీ ఉన్నవాళ్లకి పొర దానంతటదే వాచిపోతుంది. అలాంటి పొర మీద బ్యాక్టీరియా ఇంకా సులువుగా పాతుకుంటుంది. అందుకే ఇప్పటి వైద్యంలో వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రేకి, ఉప్పునీళ్ల కడుగుడుకి యాంటీబయాటిక్ కన్నా పెద్ద పీట.

ఈ చరిత్రతో మనకేం పని

ఉంది. మన బతుకులోనే ఉంది.

మొదటిది, ఛుట్టీ లెక్క. నలభై రోజుల ఛుట్టీలో పెళ్లి పనులు, పొలం పనులు అన్నీ అయ్యాక చివరి పది రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుంటారు. టికెట్ ముందే బుక్కయి ఉంటుంది. కానీ ఫెస్‌లో సగం వైద్యం ఆపరేషన్ తర్వాతే. కొన్ని వారాలపాటు డాక్టర్ ఎండోస్కోప్ పెట్టి గడ్డకట్టిన రక్తం, పక్కులు తీసి, దారి అతుక్కోకుండా చూడాలి. పాచి మళ్లీ పట్టేది ఆ పక్కుల మీదే. కాబట్టి ఆపరేషన్ ఛుట్టీ మొదట్లో పెట్టుకోండి. విమానం ఎప్పుడెక్కొచ్చో డాక్టర్ని అడిగే టికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఆపరేషన్ నోట్సు, సీటీ స్కాన్ ఫోన్లో పెట్టుకు రండి. ఇక్కడి డాక్టర్‌కి అవి చూపిస్తే కథ మొదటినుంచీ చెప్పక్కర్లేదు.

రెండోది, సూట్‌కేసులో మాత్రలు. ఊరి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ పట్టీలు కొనుక్కొచ్చి, ముక్కు పచ్చబడ్డప్పుడల్లా మూడ్రోజులు వేసుకుని, తగ్గగానే ఆపేసే అలవాటు మన క్యాంపుల్లో బాగా ఉంది. సౌదీలో 2018 నుంచి డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకుండా గట్టిగా కట్టడి చేశారు, అందుకని ఇంటినుంచి తెచ్చుకోవడం ఇంకా పెరిగింది. మూడ్రోజుల మందు లేవెన్‌హుక్ వెనిగర్ లాంటిది. పైన తేలేవి చస్తాయి, ఒళ్లు తేలికవుతుంది, అడుగున ఉన్నవి అట్లాగే ఉంటాయి. పైగా మందుకి లొంగని రకాలు పుట్టే ప్రమాదం. మళ్లీ చీము పడితే, దాన్ని ఎండోస్కోప్‌తో తీసి కల్చర్ పరీక్షకి పంపుతారా అని అడగండి. ఏ బ్యాక్టీరియానో, ఏ మందుకి లొంగుతుందో తెలిశాక వేసుకునే మందు వేరు. పాచిలో దాక్కున్నది ఒక్కోసారి కల్చర్‌లో కూడా దొరకదు. రిపోర్టులో ఏమీ రాలేదంటే ఏమీ లేదని కాదు.

మూడోది, కడుగుడు. ఉప్పునీళ్లతో ముక్కు కడగడం మన హఠయోగంలోని నేతి క్రియకి చుట్టమే. ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పిన రోజునుంచి రోజూ చేయాలి. గ్లాసు నీళ్లకి పావు నుంచి అర చెంచా అయోడిన్ లేని ఉప్పు. ట్యాంకు నీళ్లు పచ్చివి మాత్రం వద్దు. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు కొళాయి నీళ్లతో ముక్కు కడుక్కుని, ఆ నీళ్లలోని అమీబా మెదడుకి ఎక్కి చనిపోయారు. కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. సీసాని కూడా కడిగి ఆరబెట్టండి. లేకపోతే దానికీ పాచి పడుతుంది.

ఇక ఆగకూడని సందర్భాలు. కన్ను చుట్టూ వాపు, చూపు రెండుగా కనపడడం, విపరీతమైన తలనొప్పితో మెడ పట్టేయడం, జ్వరం ఎక్కువవడం, ఆపరేషన్ తర్వాత ఒక్క ముక్కులోంచే నీళ్లలా కారడం. వీటిలో ఏదొచ్చినా సూపర్‌వైజర్ ఏమంటాడోనని చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త.

కాబట్టి జబ్బు తిరిగొచ్చిందని డాక్టర్‌తో తగువు పెట్టుకునే ముందు, మన కర్మ అని వదిలేసే ముందు, ఒక మాట అడగండి: "దారి మూసుకుందా, గోడ మీద పాచి పట్టిందా, పొరే వాచిందా?" ఈ మూడింటికీ వైద్యం వేరు వేరు. ఇంకో ఆపరేషన్ అన్నిటికీ అక్కర్లేదు. హైమోర్ రోగి ఈక పట్టుకుని భయపడిన రోజున ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ లేరు. ఇప్పుడు అడగొచ్చు, జవాబూ దొరుకుతుంది.

మీ దగ్గర ఇలాంటి అనుభవం ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేరు చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఎండదెబ్బ చరిత్ర చెప్పుకుందాం. ఎండాకాలం దగ్గర పడుతోంది, నీళ్లు తాగడం మరవకండి.